మెజెస్టిక్ కింద ఏముంది?

రాయచోటికి రైలు లేదు. రైలెక్కాలంటే కడపకో, రాజంపేటకో బస్సులో పోవాల్సిందే. కడప-బెంగళూరు కొత్త లైను 2008-09 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. మన ఊరి మీదుగా పోతుందని చెప్పుకున్నాం, సంతోషించాం. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై చిల్లర కిలోమీటర్లు పట్టాలు పడ్డాయి, అంతే. అందుకే మనవాళ్లకు బెంగళూరు అంటే ఇప్పటికీ బస్సే. రాత్రి ఎక్కి కూర్చుంటే మదనపల్లె, చింతామణి మీదుగా పోయి తెల్లారేసరికి మెజెస్టిక్‌లో దింపుతుంది.

ఆ మెజెస్టిక్‌లోనే తమాషా అంతా ఉంది. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, నాలుగడుగులు వేసి మెట్లు దిగితే భూమికింద రైలు. ఊళ్లో పట్టాలే చూడని పిల్లలు ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లి మొదటిసారి ఎక్కే రైలు పాతాళంలో నడిచేదవుతుంది. మన సీమవాళ్లకు తప్ప ఈ విచిత్రం ఇంకెవరికైనా ఉంటుందా అని నా అనుమానం.

సరే, దిగుతున్నాం, ఎక్కుతున్నాం, పోతున్నాం. మనం నిలబడ్డ ఆ చోటు ఏమిటో ఎప్పుడైనా అడిగామా?

అది ఒక చెరువు. పేరు ధర్మాంబుధి. బెంగళూరు కట్టిన కెంపేగౌడ కాలం నాటిదని చెబుతారు. ఆయన ఊరికి పునాది వేసింది 1537లో. విజయనగర రాయల కింద సామంతుడు. పేటలోని జనానికి తాగునీళ్లిచ్చిన చెరువుల్లో ధర్మాంబుధి పెద్దది. 19వ శతాబ్దం చివర హెసరఘట్ట నుంచి పైపుల్లో నీళ్లు రావడం మొదలైంది. ఇంటి ముందుకే నీళ్లు వస్తే చెరువుతో పనేముంది? దాని కాలువలకు అడ్డంగా ఊరు పెరిగింది. రైల్వేస్టేషన్ పక్కకే వచ్చింది. చెరువు ఎండింది, మైదానమైంది, చివరకు బస్టాండైంది. మెజెస్టిక్ అన్నది అక్కడుండిన ఒక సినిమా హాలు పేరు. ఆ హాలూ ఇప్పుడు లేదు. హాలు పేరు మిగిలింది, చెరువు పేరు పోయింది. పూర్తిగా పోలేదు లెండి. బస్టాండు పక్కనున్న రోడ్డును ఇప్పటికీ ట్యాంక్ బండ్ రోడ్ అంటారు. కట్ట లేదు, నీళ్లు లేవు, రోడ్డు మాత్రం తాను చెరువు కట్టనని గుర్తు పెట్టుకుంది.

ఆ చెరువు అడుగును ఇంకా తవ్వి మెట్రో స్టేషన్ కట్టారు. ఊదా రంగు లైను భూగర్భ భాగం 2016 ఏప్రిల్ చివర, ఆకుపచ్చ లైనుది 2017 జూన్‌లో మొదలయ్యాయి. ఒకదాని కింద ఒకటిగా రెండు లైన్లు అడ్డంగా దాటుకునే స్టేషన్ ఇది. పేరు నాడప్రభు కెంపేగౌడ స్టేషన్. చెరువు తవ్వించాడని చెప్పే మనిషి పేరే చెరువును పూడ్చిన చోట పెట్టారు. పెట్టినవాళ్లు ఇది గమనించారో లేదో!

అసలు తమాషా సొరంగాలు తవ్విన యంత్రాలది. సొరంగం తవ్వే యంత్రానికి ఆడపేరు పెట్టడం ప్రపంచమంతా ఉన్న ఆచారం. బెంగళూరులో మొదట దిగినవాటికి హెలెన్, మార్గరీటా అని పెట్టారు. తర్వాత వచ్చినవాటికి కావేరి, కృష్ణ, గోదావరి అన్నారు. ఎండిన చెరువు అడుగుకు కృష్ణా గోదావరులు ఆ విధంగా చేరుకున్నాయి. మన సీమకు కృష్ణా నీళ్లు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలిసిన వాళ్లకు ఈ మాట నవ్వూ తెప్పిస్తుంది, ఇంకొకటీ తెప్పిస్తుంది. వాటి ప్రయాణం సాఫీగా ఏమీ సాగలేదు. బెంగళూరు నేల కూడా మన నేలకు చుట్టమే. ఒకచోట మెత్తటి మన్ను, పక్కనే ఏనుగంత నల్లబండ. రెండూ కలిసిన చోట యంత్రం పళ్లు అరిగిపోయేవి. నెలల తరబడి కదలకుండా నిలబడిపోయిన యంత్రమూ ఉంది.

ఆకుపచ్చ లైనులో రెండో స్టాపు కె.ఆర్. మార్కెట్. కూరగాయలు, పూలు, జనం, తోపులాట. 1920లలో మార్కెట్ కట్టకముందు అక్కడున్నది కూడా చెరువే. సిద్ధికట్టె అనేవారు. కట్టె అంటే మన కట్టే. ఆ పక్కన కోట. కెంపేగౌడ మట్టితో కట్టిన కోటను 1761లో హైదరాలీ రాతితో తిరిగి కట్టించాడు. 1791 మార్చి 21 రాత్రి కారన్‌వాలిస్ సైన్యం దాన్ని పగలగొట్టి లోపలికి దూరింది. ఆ రోజుల్లో మన కడప సీమ కూడా టిప్పు ఏలుబడిలోనే ఉంది. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం సంధితో అది నిజాం చేతికి పోయింది, 1800లో కుంపిణీకి వచ్చింది. అంటే ఆ కోట గోడ కూలిన శబ్దం మన తాతల తాతల జీవితాలను కూడా మార్చింది. 2012లో అదే చోట మెట్రో స్టేషన్‌కు గొయ్యి తవ్వుతుంటే ఆ కాలం నాటి ఫిరంగులు రెండు మట్టిలోంచి బయటపడ్డాయి. రెండొందల ఇరవై ఏళ్లు ఉల్లిగడ్డల బస్తాల కింద నిద్రపోయాయన్నమాట.

ఇదంతా మట్టిలోని చరిత్ర. స్టేషన్‌లో కూడా మన కంటికి కనపడని భాగమే ఎక్కువ. మా ఊరి పెద్దాయన ఒకాయన మొదటిసారి దిగినప్పుడు అడిగిన ప్రశ్న ఇంతవరకు నన్ను వదల్లేదు. "ఇంత లోతుకొచ్చినాం కదా నాయనా, ఈడికి గాలి యాడ్నుంచి వస్తాది? వాన పడితే నీళ్లు యాడికి పోతాయి?" బావులు తవ్వించిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న వచ్చింది. మనమైతే సెల్‌ఫోను సిగ్నల్ ఉందా అని చూస్తాం.

గాలి సంగతి ఇది. ప్లాట్‌ఫారం రెండు చివర్లా "ప్రవేశం లేదు" అని రాసిన తలుపులుంటాయి. వాటి వెనక మనిషి కంటే ఎత్తున్న ఫ్యాన్లు, పైకి పోయే పెద్ద పొగగూళ్ల లాంటి దారులు. రోడ్డు మీద ఇనుప జాలీలతో కనపడే కాంక్రీటు గదులు ఆ గూళ్ల మూతులే. రైలు బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని లాగేయడానికి ప్లాట్‌ఫారం అంచు కిందే గొట్టాలుంటాయి. మనం నిలబడ్డ గచ్చు కింద ఇంకో నేలమాళిగ ఉంటుందన్నమాట, వైర్లకూ గాలికీ. మంటలార్పడానికి దాచిన నీళ్లతొట్టి, కరెంటు సబ్‌స్టేషన్, సిగ్నళ్ల గది అన్నీ ఆ తలుపుల వెనకే. సొరంగంలో కొంతకొంత దూరానికి ఈ సొరంగం నుంచి ఆ సొరంగంలోకి అడ్డంగా దూరే దారులుంటాయి. ఒకదాంట్లో పొగ కమ్మితే జనాన్ని రెండోదాంట్లోకి పంపడానికి. రైలు వేగంగా పోతుంటే కిటికీలోంచి ఒక వెలుగు చుక్క సర్రున వెనక్కి పోతుంది చూడండి, అలాంటి దారి గుమ్మం దగ్గరి దీపం అయ్యుండొచ్చు.

ఇక నీళ్లు. సొరంగం ఎంత గట్టిగా కట్టినా చెమ్మ ఊరుతుంది. అందుకని దారి అంతటిలోకీ పల్లంగా ఉన్న చోట ఒక గుంట తవ్వి, అందులోకి నీళ్లు చేరేలా చేసి, మోటార్లతో పైకి తోడతారు. బావి, మోటరు. మన మడికట్ల దగ్గర ఉండే ఏర్పాటే. కాకపోతే ఇక్కడ పంట కోసం తోడతాం, అక్కడ రైలు మునగకుండా తోడతారు. లండన్‌లోని భూగర్భ రైలు మార్గాల్లోంచి రోజూ నాలుగు కోట్ల లీటర్లకు పైగా నీళ్లు తోడిపోస్తున్నారు.

లండన్ పేరు వచ్చింది కాబట్టి అక్కడికే పోదాం. భూమికింద రైలు నడపడం లోకానికి నేర్పింది వాళ్లే. 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా మొదటి రైలు నడిచింది. అదీ బొగ్గు ఇంజనుతో! సొరంగంలో పొగ ఎలా ఉండేదో ఊహించుకోండి. అక్కడ కూడా తొలి దెబ్బ నీటి నుంచే తగిలింది. ఫ్లీట్ అని ఒకప్పుడు నది. ఊరు పెరిగి దాన్ని మురికికాలువను చేసి కప్పేసింది. 1862 జూన్‌లో ఆ కాలువ గోడ పగిలి కట్టుతున్న రైలు దారిలోకి వచ్చి పడింది. ఇంకో నదిని మాత్రం మర్యాదగా దాటించారు. స్లోన్ స్క్వేర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే పట్టాల మీదుగా ఒక పెద్ద ఇనుప గొట్టం కనపడుతుంది. అందులో పారేది వెస్ట్‌బోర్న్ అనే నది. తల మీద నది, కాళ్ల దగ్గర రైలు, చేతిలో పేపరు. అక్కడివాళ్లకు అలవాటైపోయింది.

లండన్‌లో ఇంకొక రకం రహస్యాలున్నాయి. మూతబడ్డ స్టేషన్లు. డౌన్ స్ట్రీట్ స్టేషన్ 1907లో తెరిచారు. చుట్టూ ఉన్నది డబ్బున్న పేట, వాళ్లకు సొంత బండ్లు. ఎక్కేవాళ్లు లేక 1932లో మూసేశారు. ఏడేళ్ల తర్వాత యుద్ధం వచ్చింది. దేశంలోని రైళ్లన్నిటినీ నడిపించే కమిటీకి బాంబులు తగలని ఆఫీసు కావాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం అంచున ఇటుక గోడ కట్టి, వెనక గదులు వేసి, టైపిస్టుల్నీ టెలిఫోన్లనీ కిందికి దించారు. గోడకు అవతల మామూలు రైళ్లు మామూలుగా పోతూనే ఉన్నాయి. 1940లో లండన్ మీద బాంబులు కురుస్తున్న రోజుల్లో ప్రధాని చర్చిల్ కొన్ని రాత్రులు అక్కడే పడుకున్నాడు. తాము ఎక్కిన రైలుకు గోడ అవతల ప్రధానమంత్రి ఉన్నాడని ఆ ప్రయాణికులకు తెలీదు.

ఆల్డ్‌విచ్ అని ఇంకొకటి. 1994లో మూతబడింది. లిఫ్టులు మార్చడానికయ్యే ఖర్చు చూస్తే, రోజూ ఎక్కే కొన్ని వందల మంది కోసం అంత పెట్టలేమన్నారు. దాని సొరంగాల్లో యుద్ధకాలంలో బ్రిటిష్ మ్యూజియంలోని గ్రీకు శిల్పాలను దాచారు. ఇప్పుడు సినిమా షూటింగులు జరుగుతుంటాయి. తూర్పున రెడ్‌బ్రిడ్జ్, గాంట్స్ హిల్ మధ్య అప్పటికి పట్టాలు పడని సొరంగాల్లో ఏకంగా విమాన భాగాల ఫ్యాక్టరీ పెట్టారు. రెండువేల మంది దాకా పనిచేశారు, ఎక్కువమంది ఆడవాళ్లు.

మామూలు జనం ప్లాట్‌ఫారాల మీదే దుప్పట్లు పరుచుకుని పడుకునేవారు. కింద పుట్టి పెరిగే ఒక జాతి దోమలు వాళ్లను కుట్టి చంపుకు తిన్నాయట. యుద్ధం రాసేవాళ్లు దోమల్ని పట్టించుకోరు గానీ, ఆ పడుకున్న తల్లుల్ని అడిగితే హిట్లర్‌తో పాటు వాటినీ తిట్టేవాళ్లు. అన్ని కథలూ ఇలా నవ్వి చెప్పుకునేవి కావు. బెత్నల్ గ్రీన్ స్టేషన్ అప్పటికి రైళ్లకు తెరవలేదు, జనం తలదాచుకోవడానికి వాడుతున్నారు. 1943 మార్చి 3 రాత్రి చీకట్లో తడి మెట్ల మీద ఎవరో జారిపడ్డారు. వెనకున్నవాళ్లు వాళ్ల మీద, ఆ వెనకున్నవాళ్లు వీళ్ల మీద. 173 మంది చనిపోయారు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబూ పడలేదు. మెట్లున్న ప్రతి చోటా మధ్యలో కమ్మీలు, పక్కన దీపాలు ఎందుకుంటాయో, రద్దీలో మెట్రో సిబ్బంది మనల్ని ఎందుకు ఆపుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. పండగ రోజుల్లో మెజెస్టిక్ మెట్ల మీద తోసుకునే మన కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇవన్నీ లండన్‌వాళ్లు దాచిపెట్టుకోలేదు. అక్కడి రవాణా మ్యూజియం ఈ మూతబడ్డ స్టేషన్లలోకి టికెట్టు పెట్టి జనాన్ని తీసుకెళ్లి చూపిస్తోంది. న్యూయార్క్‌లోనూ అంతే. 1904 అక్టోబర్ 27న అక్కడి సబ్‌వే మొదలైన రోజు అందరూ మెచ్చుకున్న సిటీ హాల్ స్టేషన్, కమానులూ రంగుటద్దాలూ ఉన్న రాజమహల్ లాంటిది, 1945 డిసెంబర్ 31న మూసేశారు. ప్లాట్‌ఫారం వంపు మరీ ఎక్కువ, కొత్త పొడవాటి పెట్టెల తలుపులకూ దానికీ మధ్య సందు మిగిలేది. ఇప్పటికీ ఆరో నంబరు రైలు వెనక్కి తిరగడానికి ఆ చీకటి మహల్‌లోంచే చుట్టి వస్తుంది. దిగకుండా పెట్టెలోనే కూర్చుంటే ఒక్క నిమిషం కిటికీలోంచి కనపడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఏథెన్స్‌వాళ్ల పద్ధతి. వాళ్ల ఊళ్లో ఎక్కడ గడ్డపార వేసినా పాతకాలం తగులుతుంది. 2000లో తెరిచిన సింటాగ్మా స్టేషన్‌లో తవ్విన గొయ్యి గోడను అలాగే ఉంచి అద్దం బిగించారు. ఏ కాలం మట్టి ఏ పొరలో ఉందో, సమాధి ఎక్కడుందో, నీళ్ల గొట్టం ఎక్కడుందో రైలుకు పోతూపోతూ చూడొచ్చు. మొనాస్టిరాకి స్టేషన్‌లోనైతే ఎరిడానోస్ అనే పాత నది, మీద ఇటుక కమానుతో సహా, కనపడేట్టు వదిలారు. ఆఫీసుకు పోయేవాడు రోజూ తన ఊరి నదిని చూసి పోతాడు.

మన దేశంలోనూ ఇలా తగిలిన సందర్భాలున్నాయి. 2012లో ఢిల్లీ సుభాష్ పార్కులో మెట్రో పనికి తవ్వితే మొగలాయి కాలపు కట్టడం ఆనవాళ్లు బయటపడి స్టేషన్ స్థలాన్నే మార్చాల్సి వచ్చింది. కోల్‌కతాలో నీళ్లు నేరుగా దెబ్బకొట్టాయి. 2019 ఆగస్టు 31న బౌబజార్ దగ్గర చండీ అనే యంత్రం భూమిలోని నీటిపొరను తాకింది. నీళ్లూ బురదా సొరంగంలోకి ఎగదన్నాయి, పైనున్న పాత ఇళ్లు బీటలువారి కొన్ని కూలిపోయాయి. వందల మంది కట్టుబట్టలతో ఇళ్లు వదిలారు. ఆ లైనులో ఎస్‌ప్లనేడ్-సియాల్దా ముక్క కలవడానికి 2025 ఆగస్టు 22 దాకా పట్టింది. హుగ్లీ నది కింద నుంచి పోయే భాగం మాత్రం అంతకుముందే, 2024 మార్చిలో తెరిచారు. నది కింద క్షేమంగా దాటినవాళ్లను ఊరి కింది ఊట ఆపేసింది.

చెరువు అంటే కడప జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెక్కించాడు. కట్టకు ఊట కారకూడదు. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు కట్టకూడదు. (ఈ రెండో మాట చదివినప్పుడల్లా నాకు మన నదీ జలాల తగాదాలు గుర్తొస్తాయి.) వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాయించాడు. ధర్మాంబుధి కూడా ఆ రాయల కాలపు చదువులోంచే పుట్టింది. ఒక చెరువు మరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేట్టు గొలుసుగా కట్టుకుంటూ పోయిన పద్ధతి సీమలోనూ, మైసూరు సీమలోనూ ఒకటే. పోరుమామిళ్లలో చెరువు మిగిలింది. బెంగళూరులో ఒక చెరువు బస్టాండయింది, ఒకటి మార్కెట్టయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమయింది. 2024 ఎండాకాలంలో ఆ ఊళ్లో బోర్లు ఎండిపోయి, మనవాళ్లు ట్యాంకర్ల దగ్గర బిందెలు పట్టుకుని నిలబడి ఇంటికి ఫోన్లు చేశారు. రాయచోటిలోనే నయం అన్నవాళ్లూ ఉన్నారు. మాండవ్య నది ఇసుకను చూసి పెరిగినవాళ్లు అన్నమాట అది!

చెరువును మళ్లీ తవ్వమని ఎవరూ అడగరు. ఒక గోడ అడగొచ్చు. మెజెస్టిక్ మెట్రోలో టికెట్ల హాలు విశాలంగా ఉంటుంది, గోడలకు ప్రకటనలు బోలెడు. అందులో ఒక్క గోడ మీద ధర్మాంబుధి పాత పటం, దాని కట్ట ఎక్కడిదాకా ఉండేదో ఒక గీత, తవ్వినప్పుడు వచ్చిన బండల ముక్కలు నాలుగు, ఆ కృష్ణా గోదావరుల ఫోటోలు పెడితే చాలు. కన్నడంలో రాసి, కింద తెలుగులో, తమిళంలో కూడా రాస్తే ఇంకా మేలు. అక్కడ దిగేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు.

ఈసారి పిల్లల్ని తీసుకుని బెంగళూరు పోయే పని పడితే బస్సు దిగగానే ఆటో మాట్లాడకండి. ముందు ట్యాంక్ బండ్ రోడ్ వైపు తిరిగి కట్ట ఎటు పోయి ఉంటుందో చూపించండి. తర్వాత మెట్లు దిగి ఆకుపచ్చ లైను ఎక్కండి. చిక్‌పేట, ఆ తర్వాత కె.ఆర్. మార్కెట్. పైకి వచ్చి అడిగితే కోటలో మిగిలిన ముక్కకు దారి చెబుతారు, నడిచిపోయేంత దూరమే. పొద్దున్నే అయితే మార్కెట్లో మల్లెపూల బేరం కూడా బాగుంటుంది.